ఎండాకాలంలో మా జెండా పండగ

బడి క్యాలెండరులో జెండా పండగలు రెండే. ఆగస్టు 15, జనవరి 26. హాస్టళ్లలో చదువుకున్న మనందరికీ ఆ రెండు రోజులూ ఎలా గడుస్తాయో తెలుసు. ముందు రోజు మైదానం ఊడ్చి, దారి పక్క రాళ్లకు సున్నం వేస్తాం. రంగు కాగితాల తోరణాలు, ప్లాస్టిక్ జెండాలు బజారు నుంచి వస్తాయి. పొద్దున్నే వరసలో నిలబడతాం. పెద్దలు మాట్లాడతారు. చేతిలో ఒక చాక్లెట్టు పెడతారు. పండగ అయిపోతుంది.

మనకు బాగా దగ్గరైన రోజులు మాత్రం బడికి సెలవులిచ్చాక వస్తాయి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చి చంపారు. సరిగ్గా నెల తిరిగేసరికి, జూన్ 7న ఆయన ముఖ్య అనుచరుడు గాం గంటందొర తెల్లవాళ్ల తుపాకులకు నేలకొరిగాడు. ఏప్రిల్ చివర మూసిన బడులు జూన్ రెండో వారం దాకా తెరవరు. అందుకని ఈ రెండు తేదీలు పిల్లల పాఠంలో ఉంటాయి గానీ పిల్లల పండగలోకి రావు.

అందుకే ఎండాకాలం పండగను మేమే చేసుకోవాలనుకున్నాం. మేము అంటే పెద్ద సంఘమేమీ కాదు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు నుంచి వచ్చి ఏలూరులో చిన్న ఉద్యోగాలు చేసుకుంటున్న కోయ కుర్రాళ్లం కొందరం. తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్న ఎరుకల పిల్లలం కొందరం. కొల్లేరు గట్ల మీద చేపల చెరువులకు కాపలా ఉండే యానాది కుటుంబాల వాళ్లం కొందరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఏలూరు ఒక జిల్లా, తాడేపల్లిగూడెం మరో జిల్లా అయ్యాయి. మాకు మాత్రం మధ్యలో ఉన్నది గంట లోపు రైలు ప్రయాణమే. సీతారామరాజు చనిపోయి వందేళ్లు నిండిన 2024 మే 7న, కొల్లేరు అంచున ఉన్న ఒక యానాది కాలనీలో మొదటిసారి కలిశాం. అప్పటినుంచి మానలేదు.

ఆ మొదటి ఏడు ఎన్నికల ఏడు. మే 13న పోలింగు. ఊరూరా పార్టీల జెండాలే. "మే ఏడున పిల్లలకు పార్టీ ఉంది, రండి" అని మా వాళ్లు కాలనీలో చెబితే, "ఏ పార్టీ అబ్బాయ్? మనిషికి ఎంతిస్తారు?" అని అడిగారు. నవ్వుకున్నాం. తర్వాత పిల్లలను కూర్చోబెట్టి రంగులు గీయమంటే, ఎన్నికల పార్టీల కండువాల రంగులన్నీ తప్పులేకుండా గీశారు. జాతీయ జెండాలో ఆకుపచ్చ పైనా కిందా అని మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే ఒక షరతు పెట్టుకున్నాం. ఏ పార్టీ కండువా, ఏ నాయకుడి ఫ్లెక్సీ రాకూడదు. రెండో షరతు, అలంకరణ గానీ తినుబండారం గానీ వీలైనంత వరకు మన చేతులతో చేసిందే ఉండాలి.

ఎందుకీ పంతం అంటే, మొదటి కారణం డబ్బు. ప్లాస్టిక్ తోరణాలు, కేకు, కూల్‌డ్రింకులు కొనాలంటే ఎవరో ఒకరి దగ్గర చందా తీసుకోవాలి. చందా ఇచ్చినవాడు మైకు అడుగుతాడు. రెండో కారణం కొల్లేరు. ఏలూరులో కాలువలో పడిన చెత్త తమ్మిలేరులోకి, తమ్మిలేరు నీళ్లు కొల్లేరులోకి వస్తాయి. జెండా పండగ అయిన వారానికి వలలో చేపతో పాటు ప్లాస్టిక్ జెండా ముక్క కూడా రావడం యానాది కుటుంబాలకు కొత్త కాదు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు ఇది. ఆటపాకలో గూడబాతులను చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. ఆ నీళ్ల మీద బతికే మనమే అందులో చెత్త కలిపితే ఎట్లా?

మూడో కారణం అన్నిటికన్నా పెద్దది. మన పిల్లలు పండగ అంటే కొన్నదే పండగ అనుకుంటున్నారు. ఇంట్లో ఉన్నది చూపించడానికి సిగ్గుపడుతున్నారు. జెండా కింద నిలబడి సిగ్గుపడే పిల్లకు స్వాతంత్ర్యం అన్న మాట ఎలా అర్థమవుతుంది?

ముందు జెండా సంగతి చెప్పుకుందాం. మాస్టార్లకు, టీచరమ్మలకు ఇది ఉపయోగపడుతుంది. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన జెండా నియమావళి ప్రకారం ఏ పౌరుడైనా ఏ రోజైనా గౌరవంగా జాతీయ జెండా ఎగరేయవచ్చు. మే 7న మన కాలనీలో ఎగరేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉండాలి. జెండా మీద ఏమీ రాయకూడదు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. జెండాను తోరణంగా కట్టకూడదు, ఏ రకమైన అలంకరణకూ వాడకూడదు. బడుల్లో దారానికి వరసగా అంటించే చిన్న జెండాలు నియమానికి విరుద్ధమే. ముఖ్యమైన సందర్భాల్లో కాగితం జెండా చేత్తో ఊపవచ్చు గానీ, తర్వాత నేల మీద పారేయకూడదు. కాబట్టి మా దగ్గర జెండా ఒకటే. ఖాదీది. మిగతా అలంకరణలో మూడు రంగులు ఉంటాయి, జెండా బొమ్మ ఉండదు.

ఆ మూడు రంగుల కోసం మూడు తెగల చేతులు కలిశాయి. కాషాయానికి మోదుగ పూలు. మాఘ ఫాల్గుణాల్లో ఏజెన్సీ కొండలు మోదుగ పూలతో మండిపోతున్నట్టుంటాయి. అప్పుడే ఏరి నీడలో ఎండబెట్టిన పూలను కోయ కుర్రాళ్లు సంచిలో తెచ్చారు. వాటిని నీళ్లలో ఉడికిస్తే పసుపు నారింజ రంగు దిగుతుంది. చిటికెడు సున్నం వేస్తే రంగు ఇంకా చిక్కబడుతుంది. అందులో ఈతాకు చీలికలు రాత్రంతా నానబెట్టారు. తెలుపుకు రంగే అక్కర్లేదు, లేత తాటాకు తెలుపే. ఆకుపచ్చకు మామిడాకులు. ఒక చెట్టుకు ఒక లేత తాటాకే కోయాలని, మొవ్వు జోలికి పోకూడదని పిల్లలకు ముందే చెప్పాం.

అల్లిక ఎరుకల ఆడవాళ్లది. బుట్ట అల్లే చేతులు కదా, పది నిమిషాల్లో ఈతాకు గొలుసు బారెడు పొడవు దిగేది. తాటాకుతో చిలకలు, చేపలు, గాలికి తిరిగే గిలకలు చేయడం యానాది పిల్లలే మాకు నేర్పారు. కొల్లేటి జమ్ముతో చిన్న పందిరి వేశారు. ఏలూరులో తివాచీలు నేసే ఇంటి నుంచి ఒకమ్మాయి మిగిలిన ఉన్ని ముక్కలు తెచ్చింది. వాటితో కుచ్చులు కట్టాం. కింద బియ్యప్పిండి ముగ్గు. పండగయ్యాక చిలకలు, గిలకలు, కుచ్చులు పిల్లలు ఇళ్లకు పట్టుకుపోయారు. మామిడాకులు మేకలు తిన్నాయి. ముగ్గు చీమలు తిన్నాయి. పారేయడానికి ఏమీ మిగల్లేదు.

అల్లుతూ అల్లుతూ ఒక ఎరుకల మామ్మ అడిగింది, "ఏరా అబ్బాయ్, ఆ జెండా మనది కూడానా?" అని. వేళాకోళానికి కాదు. వాళ్ల తాతల కాలంలో నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వాళ్ల పేర్లు రిజిస్టర్లలో రాశారు. వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే చీటీ, పొద్దుగూకితే హాజరు. పుట్టుకే నేరమన్న చట్టమది. 1871లో ఉత్తరాదిన మొదలై 1911 నాటి చట్టంతో మద్రాసు రాజధానికి వచ్చింది. దేశమంతటా పూర్తిగా రద్దయింది 1952 ఆగస్టు 31న. అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు. "మా తాతకు జెండా అంటే ఠాణా మీద ఎగిరేదే" అంది మామ్మ.

ఆమెకు మేము వెంటనే జవాబు చెప్పలేదు. మధ్యాహ్నం అందరూ కూర్చున్నాక జైపాల్ సింగ్ ముండా గురించి చెప్పాం. 1928 ఒలింపిక్స్‌లో హాకీ బంగారు పతకం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ ఆయన. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు అయ్యాడు. 1947 జూలై 22న సభలో మన మూడు రంగుల జెండాను ఆమోదించే తీర్మానం వచ్చినప్పుడు ఆయన లేచి మద్దతు పలికాడు. జెండా ఎగరేయడం నాగరికులమనుకునే వాళ్ల సొత్తు కాదని, అందరికన్నా ముందు జెండాలు ఎత్తినవాళ్లు, వాటి కోసం పోరాడినవాళ్లు ఆదివాసులేనని అన్నాడు. మా జాతరల్లో ఊరూరికీ ఒక జెండా ఉంటుందని, ఇకమీదట ప్రతి ఊళ్లో రెండు జెండాలు ఎగురుతాయని ఆయన మాటల సారం.

ఇది విని కోయ పెద్దాయన ఒకరు తల ఊపారు. మా ఇలవేల్పుల పడిగెలు అవే కదా! గుడ్డ మీద గోత్రం కథ బొమ్మలుగా కుట్టి, కర్రకు కట్టి, డోళ్లతో ఊరేగించే పడిగె మాకు తరతరాలుగా ఉంది. దాన్ని నేల మీద పెట్టం, దాటం, మైలతో ముట్టం. జెండా నియమావళి చెప్పే మర్యాదలు మన పెద్దలు రాయకుండానే పాటించారు. "అయితే మనదేలే" అని మామ్మ మళ్లీ అల్లికలో పడింది.

ఇక తిండి సంగతి. మా పండగలో మొదటి పీట ఇప్పపువ్వు లడ్డూకి. దీని దగ్గరే అసలు గొడవ వచ్చింది. మాలో ఒకరి చెల్లెలు, హాస్టల్లో తొమ్మిదో తరగతి, "అక్కడ ఇప్ప లడ్డూ పెడితే మమ్మల్ని సారా వాళ్లంటారన్నయ్యా, వద్దు" అంది. ఆమె చదివే చోట ఎవరో అట్లా అన్నారట. మేము కసురుకోలేదు. ఇప్పపువ్వును కుండలో పులియబెడితే సారా అవుతుంది, ద్రాక్షను పులియబెట్టినా సారాయే అవుతుంది, ద్రాక్ష తినేవాళ్లను ఎవరూ తాగుబోతులనరు కదమ్మా అన్నాం. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి ఈ లడ్డూలే చేసి అమ్ముతున్నారని చెప్పాం. ఆ పిల్ల ఏమీ అనలేదు గానీ, దంచేటప్పుడు రోకలి పట్టుకుంది.

చేసే విధానం రాస్తున్నాం, ఎవరైనా ప్రయత్నించవచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలిన ఇప్పపూలు ఏరి, బాగా ఎండబెట్టినవి కిలో తీసుకోవాలి. నలిపి, చెరిగి, లోపలి కేసరాలు, ఇసుక పోయేలా శుభ్రం చేయాలి. మూకుడులో సన్నసెగ మీద ఎర్రగా, కరకరలాడేలా వేయించాలి. నువ్వులు పావుకిలో, పల్లీలు పావుకిలో విడివిడిగా వేయించుకోవాలి. అన్నీ రోట్లో వేసి దంచుతూ ముప్పావుకిలో బెల్లం కలపాలి. పువ్వులోనే తీపి ఉంటుంది కాబట్టి బెల్లం అంతకన్నా పట్టదు. జీలుగుమిల్లి వైపు జీడిమామిడి తోటలున్నాయి కనుక గుప్పెడు జీడిపప్పు మాకు దొరికింది. చేతికి కాస్త నెయ్యి రాసుకుని ఉండలు కట్టడమే. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో చాలా రోజులు నిలవుంటాయి.

కొల్లేరు గట్ల మీద తాటిచెట్లకు కొదవ లేదు. మే నెలంటే ముంజల నెల. పిల్లలకు కూల్‌డ్రింకు గుర్తు రాకుండా చేసింది ముంజలే. కిలో బెల్లానికి ఐదు లీటర్ల కుండ నీళ్లు, దంచిన మిరియాలు, శొంఠి, నాలుగు యాలకులు వేసి పానకం చేశాం. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు పేరు పడ్డ ఊరు. అక్కడి వాళ్లు ఒక బస్తా ఉల్లిపాయలు రైల్లో వేసుకొచ్చారు. సాయంత్రానికి పకోడీలు. యానాది అక్కలు కొర్రమీను ముక్కలు పసుపు, కారం, ఉప్పు పట్టించి నిప్పుల మీద కాల్చి పెట్టారు. అన్నీ అడ్డాకు విస్తళ్లలోనే. డబ్బు పెట్టి కొన్నవి జెండా, బెల్లం, పల్లీలు, నువ్వులు, శనగపిండి, నూనె, కాస్త సరుకులు. తలా కొంచెం వేసుకుంటే సరిపోయింది. ఎవరికీ మైకు ఇవ్వాల్సిన పని పడలేదు.

తాటాకుతో చేసిన ఇంకో పని ఉంది. అది అలంకరణే, పాఠం కూడా. ఎండిన తాటాకు ముక్కల మీద మేకుతో పేర్లు గీసి, మసి, ఆముదం కలిపి రుద్ది తుడిస్తే అక్షరాలు నల్లగా తేలతాయి. పూర్వం గ్రంథాలు ఇట్లాగే రాసేవారు. ఆ ముక్కలను దారానికి గుచ్చి తోరణం చేశాం. పిల్లలు రాసిన మొదటి పేరు అల్లూరిదే. రెండో పేరు ఎవరిది అంటే చాలాసేపు ఎవరూ పలకలేదు. అప్పుడు ఒక్కొక్కటే చెప్పుకుంటూ రాశాం. గాం గంటందొర. ఆయన తమ్ముడు గాం మల్లుదొర, ఉరిశిక్ష యావజ్జీవంగా మారి జైలు అనుభవించి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికైనవాడు. వాళ్లకన్నా ముందు 1879 రంప పితూరీ నడిపిన కారం తమ్మన్నదొర. ఆయనకూ ముందు, మన గోదావరి గట్టు మీది కొరుటూరు కొండరెడ్డి నాయకుడు కారుకొండ సుబ్బారెడ్డి. 1858లో తెల్లవాళ్లు ఆయన్ను ఉరితీసింది మన బుట్టాయగూడెంలోనే. ఆ ఊరి నుంచి వచ్చిన పిల్లాడు ఒకడు, "మా బస్టాండు ఉన్న ఊళ్లోనా?" అని నోరు తెరిచాడు.

మైదానం వాళ్ల పేర్లూ రాశాం. 1921 బెజవాడ సమావేశంలో గాంధీకి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్య. తాడేపల్లిగూడెం తాలూకా పడమర విప్పర్రుకు చెందిన పసల కృష్ణమూర్తి, అంజలక్ష్మి దంపతులు. కడుపుతో ఉండి జైలుకు వెళ్లిన అంజలక్ష్మిగారు వేలూరు జైల్లోనే ఆడపిల్లను కన్నారు. ఆ బిడ్డకు కృష్ణభారతి అని పేరు పెట్టారు. తాటాకు తోరణంలో కొండ పేరు పక్కన మైదానం పేరు వేలాడుతుంటే, చరిత్ర పాఠంలో విడివిడిగా చదివింది ఒక్క చోట కనిపించింది.

అన్నీ సాఫీగా జరిగాయని మేము చెప్పం. పోలవరం ముంపు ఊరి నుంచి పునరావాస కాలనీకి మారిన ఒక తమ్ముడు దూరంగా నిలబడ్డాడు. పిలిస్తే, "సుబ్బారెడ్డి పేరు రాశారు సరే. ఆయన కొరుటూరు ముంపులో పోయింది. మా ఊరూ పోయింది. దేశం కోసం మేము పోగొట్టుకుంటూనే ఉన్నాం, మళ్లీ జెండా కూడా మేమే ఎత్తాలా అన్నా?" అని అడిగాడు. అక్కడున్న వాళ్లలో ఎవరికీ లడ్డూ మింగుడు పడలేదు.

ఆ తమ్ముడి ప్రశ్న న్యాయమైనది. దాన్ని దేశభక్తి పాటతో కప్పేయకూడదు. మేము మాట్లాడుకుని తేల్చుకున్నది ఇది. సీతారామరాజు వెంట మన్యం వాళ్లు నడిచింది ఎందుకు? 1882 అటవీ చట్టం పోడు మీద ఆంక్షలు పెట్టింది. వంటచెరకు తెచ్చుకున్నా నేరమైంది. రోడ్డు పనికి తీసుకుపోయి కూలి సరిగా ఇవ్వలేదు. అందుకే 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడ్డారు. వాళ్లకు దేశమంటే కాళ్ల కింద నేల, ఇంటి వెనక అడవి. ఆ నేల కోసం అడగడమే వాళ్ల దేశభక్తి. ఇవాళ ఈ జెండా కిందే 1970 నాటి 1/70 చట్టం ఉంది, 1996 పెసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ఆదివాసులకు చరిత్రలో అన్యాయం జరిగిందని ఆ అటవీ హక్కుల చట్టమే ఒప్పుకుంది. అవి అమలు కాని చోట అడగాలి. పరిహారం రాని చోట అడగాలి. జెండాను వాళ్లకు వదిలేసి మనం పక్కకు తప్పుకుంటే అడిగే చోటు కూడా వదిలేసినట్టే. జెండా ఎత్తేది ఊరుకోవడానికి కాదు, అడగడానికి.

తమ్ముడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు. ఒక తాటాకు ముక్క మాత్రం అడిగి తీసుకున్నాడు. దాని మీద మనిషి పేరు రాయలేదు. తన పాత ఊరి పేరు రాశాడు. మరుసటి ఏడు నుంచి మా తోరణంలో మునిగిన ఊళ్ల పేర్లు కూడా చేర్చాం.

"చనిపోయిన రోజున విందేమిటి?" అని కొందరు పెద్దలు అడిగారు. మన ఆచారంలో పెద్దల పేరు చెప్పుకుని నలుగురికీ పెట్టి తినడం కొత్త కాదు. మామిడి కొత్తకైనా, భూమి పండగకైనా ముందు పెద్దలకు పెట్టే కదా మనం నోట్లో వేసుకుంటాం! మే 7న కూడా మొదటి ఇప్ప లడ్డూ, మొదటి గ్లాసు పానకం తాటాకు పేర్ల కింద పెట్టి ఒక్క నిమిషం నిలబడతాం. తర్వాతే పిల్లలకు.

ఇది చదివే మాస్టార్లకు ఒక మనవి. బడి తెరిచాక జూలై 4న సీతారామరాజు జయంతి వస్తుంది, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వస్తుంది, వారానికే ఆగస్టు 15. ఆ నెల ప్లాస్టిక్ తోరణం కొనే డబ్బుతో బెల్లం, పల్లీలు కొనండి. పిల్లలను ఇంటి నుంచి ఒక ఆకో, ఒక గింజో, ఒక పేరో తెమ్మనండి. అల్లిక తెలిసిన అవ్వను బడికి పిలిచి కుర్చీ వేయండి. ఆమె నేర్పేటప్పుడు మీరు కూడా పిల్లల వరసలో కూర్చోండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు చెప్పేది ఇంకా తక్కువ. మోదుగ పూలు ఫాల్గుణం దాటితే దొరకవు. ఇప్పపూలు ఏప్రిల్ దాటితే దొరకవు. మీ ఊళ్లో అల్లే చేతులు, పేర్లు గుర్తున్న పెద్దలు కూడా ఎప్పటికీ ఉండరు. వచ్చే మే ఏడుకు ఇప్పటినుంచే ఏరిపెట్టుకోండి.